తాడు కోసే చెయ్యి

పోయిన వారం మనం గేవాని మోకాళ్ల మీద వదిలేసి వచ్చాం. ఆమె మోకరిల్లింది దేవుడి ముందు కాదు, తన విమానం ఎడమ చక్రం ముందు. యాలిమండ కొండ మీద ఆ చిన్న విమానాన్ని దించి, ఇంజన్ ఆపి, చక్రాల కింద రాళ్లు పెట్టించి, ఇంకా ఊపిరైనా తీసుకోకముందే ఆమె కంట్లో పడింది ఆ ఎర్రటి నూనె చుక్క. ఒకటి రాలింది, దాని వెనకే ఇంకొకటి. అవతల గుడిసెలో కౌన్సిలర్ యకాసా మూడో పెళ్లాం రోదా, కడుపులో బిడ్డ అడ్డం తిరిగి, రెండు రోజులుగా నొప్పులు పడుతోంది. ఆమెను కింద లోయలో ఉన్న లైమ ఆసుపత్రికి చేర్చడానికే గేవాని పిలిపించారు. నడిచి మోసుకుపోవాలంటే రెండు కొండలు దాటాలి, అంతసేపు ఆగే ప్రాణం కాదు అది.

గేవా చక్రం వెనక చెయ్యి పెట్టి తడిమింది. వేలికి పదునుగా ఏదో తగిలింది. లాగితే నల్లటి రాయి ముక్క ఊడి వచ్చింది. అది కొట్టిన దెబ్బకే బ్రేకు గొట్టం నిలువునా చీలింది. లోపలి నూనె దాదాపు ఖాళీ అయిపోయింది. ఎడమ బ్రేకు ఉన్నా లేనట్టే.

గాలిలో ఎగిరేదానికి బ్రేకుతో పనేంటని మీలో ఎవరైనా అడగొచ్చు. యాలిమండ సంగతి వేరు. కొండ వాలు మీద పరిచిన గడ్డి పట్టీ అది. విమానం ఎగువకి దిగాలి, దిగువకి లేవాలి. దిగేటప్పుడు ఎగువ వాలే దాన్ని ఆపేస్తుంది కాబట్టి బ్రేకు పోయిన సంగతి గేవాకి తెలియనే లేదు. లేచేటప్పుడు మాత్రం పైన నిలబడి, రెండు బ్రేకులూ తొక్కిపట్టి, ఇంజన్‌ని పూర్తి బలానికి తెచ్చాకే వదలాలి. ఒకసారి వదిలాక ఇక ఆగడం ఉండదు. పట్టీ చివర లోయ నోరు తెరుచుకుని ఉంటుంది.

అదొక్కటే అయితే ఏదోలా గట్టెక్కొచ్చు. అసలు గండం లైమలో ఉంది. అక్కడ నేల చదును, గడ్డి ఎప్పుడూ తడిగానే ఉంటుంది, చివర నది. కుడి బ్రేకు ఒక్కటే తొక్కితే విమానం గిర్రున తిరిగి బోర్లాపడుతుంది. తొక్కకపోతే నేరుగా నదిలోకి పోతుంది. పొడుగు రన్‌వే ఉన్న పట్నానికి పోదామంటే కొండల మధ్య సందు ఇప్పటికే మబ్బుతో పూడిపోతోంది.

"అక్కా, దిగేచోట మెత్తగా తగల్లేదుగా?"

తలెత్తి చూసింది. రోదా అన్న కెపాయ్. మోకాళ్ల దాకా బురద, అరచేతులు రెండూ దోక్కుపోయి ఉన్నాయి. మొహంలో మాత్రం మెప్పు కోసం ఎదురుచూసే వెలుగు.

"లేదే. ఏం?"

"ఎలా తగుల్తుంది! ఆ కింద చివర బురదగుంట అయిపోయింది వానలకి. నిన్నంతా ఏటి దగ్గర్నించి రాళ్లు మోసి పూడ్చా. ఒక్కణ్నే. వీళ్లెవరూ చెయ్యి కలపలేదు. విమానం దిగలేకపోతే నా చెల్లెలి గతి ఏం కాను మరి?"

గేవా చేతిలోని రాయిని చూసుకుంది. ఆ పట్టీ మీద గుంట పడితే గడ్డి దిమ్మలు కోసి పరుస్తారే తప్ప ఎవరూ రాయి వెయ్యరు. పట్టీ పని చేసిన వాళ్లందరికీ ఆ సంగతి తెలుసు. కెపాయ్ ఎన్నడూ ఆ పని చెయ్యలేదు. వాడు పక్క కొండ నుంచి చెల్లెలి కోసం వచ్చినవాడు. వాడికి చెల్లెలు తప్ప ఇంకేం తెలియదు.

"మంచి పని చేశావు తమ్ముడూ," అని రాయిని జేబులో వేసుకుంది.

అప్పుడే జనాన్ని మోచేతులతో తోసుకుంటూ యకాసా వచ్చాడు. మంచి బొద్దు మనిషి. ఒంటి మీద నల్ల కోటు, మెడలో టై, తల మీద పక్షి ఈకల టోపీ, కాళ్లకు చెప్పులు లేవు. బుగ్గలో వక్క. ఎర్రగా ఉమ్మితే అది వెళ్లి నూనె చుక్కల పక్కనే పడింది.

"ఏంటమ్మాయ్, చక్రానికి దండాలు పెడుతున్నావ్? తలుపు తియ్. మనిషిని ఎక్కించాలి."

"బ్రేకు పోయింది కౌన్సిలర్ గారూ."

"పోతే?"

"పోతే ఎగరకూడదు."

"రెక్కలు బాగానే ఉన్నాయిగా?" అని జనం వైపు తిరిగాడు. జనం నవ్వారు. ఆయన నవ్వమన్నప్పుడు నవ్వకపోతే ఆ ఊళ్లో బతుకు కష్టం. "సముద్రం మీద కర్రల ఇంట్లో పుట్టి, చేపలు తిని పెరిగినదానికి కొండ చూస్తే కాళ్లు వణకవూ! మగాణ్ని పంపమని నెత్తీనోరూ కొట్టుకున్నా. ఇదుగో, ఈ చేపపిల్లని పంపారు."

"చేపపిల్లకి ఈతొచ్చు," అంది గేవా చేతులు తుడుచుకుంటూ. "బ్రేకు లేకుండా లైమలో దిగితే పోయేది నదిలోకే. మీకొచ్చా?"

ఈసారి జనం ఆయన చెప్పకుండానే నవ్వారు. యకాసా మొహం మాడిపోయింది.

"మీ రేడియో కావాలి," అంది గేవా. "ఇక్కడ్నించి విమానం రేడియో అందట్లేదు, కొండ అడ్డం."

ఊరికంతటికీ ఉన్న ఒక్క రేడియో యకాసా ఇంట్లోనే ఉంటుంది, తాళంచెవి ఆయన మొలతాడుకి. ఇవ్వనా వద్దా అని ఒక్క క్షణం తటపటాయించి, అంతమంది చూస్తున్నారు కాబట్టి విప్పి ఇచ్చాడు. గేవా వెనకే కెపాయ్ నడిచాడు.

అవతలి వైపు పలికింది కంపెనీ యజమాని మాల్కమ్. ఆస్ట్రేలియా వాడు, ఈ కొండల్లోనే తల నెరిసినవాడు. గేవా సంగతంతా చెప్పింది. గరగరమంటూ ఆయన గొంతు వచ్చింది.

"అయితే అక్కడే ఉండు. రేపు మబ్బు విడితే మెకానిక్‌ని పంపుతా."

"రేపటికి ఈ మనిషి ఉండదు."

"చూడమ్మా గేవా, అక్కడున్నది నువ్వు. నడిపేది నువ్వు. నిర్ణయం నీదే. నేను మాత్రం వద్దన్నా. వద్దన్నానని ఇక్కడ రాసుకుంటున్నా కూడా."

"అంటే ఎగరమంటారా, వద్దంటారా?"

"వద్దంటున్నా. కానీ ఆపట్లేదు."

గేవాకి ఒళ్లు మండిపోయింది. ఎనిమిదేళ్లు నమ్మకంగా పనిచేసిన మనిషికి ఇచ్చే సలహానా ఇది! పిల్ల చస్తే ఆపానంటాడు, బతికితే ఆపలేదంటాడు. రెండు చేతులా దులుపుకున్నాడు. ఆమె రేడియో పెట్టేయబోతుంటే ఆయనే మళ్లీ అందుకున్నాడు.

"అయినా ఆ యకాసాని ఏమనాలి చెప్పు! నిన్న పొద్దున ఇదే రేడియోలో కాఫీ మూటలు ఎప్పుడు తీసుకెళ్తారని నా ప్రాణం తోడేశాడు. పెళ్లాం సంగతి ఒక్క ముక్క చెప్పుంటే నిన్ననే పంపేవాణ్ని కదా. నిన్న నీ విమానం నిక్షేపంలా ఉంది."

గుమ్మంలో నిలబడ్డ కెపాయ్ కళ్లు పెద్దవయ్యాయి.

"నిన్నా? నిన్న ఇది పలికిందా?"

గేవా రేడియో ముల్లు వైపు చూసింది. బ్యాటరీ నిండుగా ఉంది.

"బ్యాటరీ చచ్చిపోయిందన్నాడక్కా," అన్నాడు కెపాయ్, ఇంకా అర్థం కానట్టు. "నిన్న పొద్దున కాళ్ల మీద పడ్డా. రేడియో చెయ్ బావా అని. చచ్చిపోయిందన్నాడు. అందుకేగా... మబ్బుల్లో ఏ విమానమైనా కనిపిస్తే చెయ్యూపి దింపుదామని... అందుకేగా నేను రాళ్లు..."

గేవా జేబులో రాయి బరువెక్కింది. నిన్న పొద్దున యకాసా నోరు విప్పి ఉంటే ఆ రాళ్లు పడేవే కావు. పేషెంటు ఉందంటే విమానంలో కాఫీకి చోటుండదని లెక్క వేసుకున్నాడు మహానుభావుడు. ఇవాళ పొద్దున ముసలి ఆడవాళ్లు వచ్చి ఇక పిల్ల దక్కదని చెప్పాక, అప్పుడు లేచింది ఆయన రేడియో.

బయటికి వచ్చేసరికి రోదాని కర్రల మంచం మీద మోసుకొచ్చి రెక్క నీడలో దించేశారు. గట్టిగా ఇరవై రెండేళ్లుండవు. పెదాలు తెల్లబోయి ఉన్నాయి. కేక పెట్టే ఓపిక కూడా అయిపోయి, నొప్పి వచ్చినప్పుడల్లా మంచం కర్రని పళ్లతో కొరుకుతోంది.

మంచానికి అడ్డంగా ఒక ముసలాయన నిలబడ్డాడు. ఎండుకట్టె ఒళ్లు, నడుముకి పొడుగు కత్తి, వెనక పదిమంది మగాళ్లు. కందావో, రోదా తల్లికి స్వయానా తమ్ముడు. కబురు తెలిసి అప్పుడే పక్క కొండ దిగి వచ్చాడు.

"మంచం ఎత్తండి," అంటున్నాడు. "పిల్లని ఇంట్లోకి తీసుకుపొండి. నా మేనకోడలు ఈ డొక్కు బండి ఎక్కదు."

హమ్మయ్య అనుకుంది గేవా. ఈ పిల్ల ప్రాణం గురించి భయపడే పెద్దమనిషి ఒక్కడైనా వచ్చాడు! పాపం, ఆ సంతోషం ఎంతసేపో నిలవలేదు.

"ఆసుపత్రికి పంపుతుంటే అడ్డం పడతావేంటి మావా?" అన్నాడు యకాసా.

"ఆసుపత్రికి పంపుతున్నావా, నీ గడప దాటిస్తున్నావా?" కందావో గొంతు పెంచలేదు. "మా జుట్టు ఎండకి నెరవలేదు యకాసా. గాల్లో ప్రాణం పోతే ఆ చావు విమానం వాళ్ల మీద పడుతుంది. నీ పొయ్యి దగ్గర పోతే నీ మీద పడుతుంది. దీన్ని మా ఇంటి నుంచి తెచ్చుకుంది నువ్వు. పోతే నీ ఇంట్లోనే పోవాలి. చావుకి పరిహారంగా ఇవ్వాల్సిన పందులు నీ దొడ్లోంచే తోలుకుపోతాం. నీ దొడ్డి చాలకపోతే నీ అన్నదమ్ముల దొడ్లు చూస్తాం."

"మాటలు జాగ్రత్త!"

"నువ్వు జాగ్రత్త. ఎత్తండ్రా మంచం!"

నలుగురు ఇటు నుంచి పట్టుకున్నారు, నలుగురు అటు నుంచి పట్టుకున్నారు. మంచం గాల్లోకి లేచి ఊగింది. రోదా కర్ర కొరికింది. ప్రాణం ఉన్న మనిషిని పెట్టుకుని, ఆ చావు ఎవరి గడపలో జరగాలో బేరమాడుకుంటున్నారు ఇద్దరు పెద్దమనుషులు. ఒకడు కట్టుకున్నవాడు, ఇంకొకడు ఎత్తుకుని పెంచిన మేనమామ. ఆ కొండ మీద అంతమంది ఉన్నారే, ఈ పిల్ల బతుకుతుందా అని ఒక్క నోరు అడగలేదు. గేవాకి ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి.

"దించండి!" అని అరిచింది. "ముందు కింద పెట్టండి ఆ మనిషిని!"

దించారు. కెపాయ్ ముందుకొచ్చాడు. వణికిపోతున్నాడు.

"బ్యాటరీ చచ్చిందన్నావ్," అన్నాడు యకాసాతో. "నిన్న పొద్దున అదే రేడియోలో కాఫీ మూటల గురించి మాట్లాడావంట. నా చెల్లెలు అక్కడ పొర్లుతుంటే నీకు కాఫీ కావాల్సొచ్చిందా?"

జనంలో గుసగుస లేచింది. ఇంకొకడైతే తల దించుకునేవాడే. యకాసా అలాంటివాడైతే కౌన్సిలర్ ఎందుకవుతాడు? నింపాదిగా వక్క నమిలాడు, గేవా వైపు చెయ్యి చాపాడు.

"అమ్మాయ్, ఇందాక చక్రంలోంచి తీసి జేబులో వేసుకున్నావే, అదేంటో చూపించు."

"దాంతో పనేం లేదు."

"నాకుంది. చూపించు. లేకపోతే నేనే చెప్తా. రాయి. నల్లరాయి. మన ఏట్లో తప్ప ఇంకెక్కడా దొరకదు." కెపాయ్ వైపు తిరిగాడు. "ఏం బావమరిదీ? విమానం దిగే చోట రాళ్లు వేసిన మొనగాడు ఎవరు? పైలటమ్మ మొహమాటపడి నీకు చెప్పలేదు. నేనొక రోజు ఆలస్యం చేశానేమో, ఒప్పుకుంటా. విమానం నడ్డి విరగ్గొట్టింది నువ్వు. నీ చెల్లెల్ని చంపేది నీ రాళ్లేరా."

కెపాయ్ గేవా మొహంలోకి చూశాడు. కాదని చెప్పమని బతిమాలుతున్నాడు ఆ చూపుతో. ఆమెకి అబద్ధం పెగల్లేదు. వాడు ఉన్నచోటే కూలబడి, దోక్కుపోయిన అరచేతుల్ని గడ్డికేసి రుద్దుకున్నాడు, రక్తం వచ్చేదాకా.

"మా అన్నని ఏమీ అనకు."

గొంతు ఎంత సన్నగా వచ్చిందంటే, అది ఎవరిదో తెలియడానికి కొంచెం సేపు పట్టింది. రోదా కళ్లు తెరిచింది.

"నన్నెవరూ అడగరేం?" అంది. "అక్కా, నువ్వేనా పైలటువి?"

గేవా మంచం పక్కన కూర్చుంది. "నేనే."

"ఆడదానివే!"

"ఆడదాన్నే."

"బ్రేకు, బ్రేకు అంటున్నారు. అంటే ఏంటి?"

"పోయేదాన్ని ఆపేది."

"నీ బండికి లేదా?" రోదా పెదాలు కదిలాయి, నవ్వేమో. "మా ఆయనకీ లేదు."

నొప్పి వచ్చింది. గేవా చెయ్యి పట్టుకుని నలిపేసింది. అది తగ్గాక మళ్లీ అడిగింది.

"నిజం చెప్పు. ఇక్కడే ఉంటే?"

"రేపు పొద్దున్న చూడవు."

"ఎక్కితే?"

"ఇక్కడ్నించి లేవగలను. అక్కడ దిగాక ఆపగలనో లేదో నాకే తెలీదు. ఆపలేకపోతే నది. నువ్వూ నేనూ ఇద్దరం."

"బిడ్డ?"

"కదులుతోందా?"

రోదా ఆకాశం వైపు చూసింది. "నిన్న కదిలింది."

నిన్న విమానం బాగుంది, నిన్న బ్యాటరీ ఉంది, నిన్న బిడ్డ కదిలింది. ఆ నిన్న మీద ఒక మనిషి కాఫీ మూటలు పేర్చాడు.

"రెండు రోజుల్నించి వచ్చినవాళ్లందరూ ఏం కాదమ్మా, ఏం కాదమ్మా అనే మాటే," అంది రోదా. "చస్తావని మొహం మీద చెప్పింది నువ్వొక్కదానివే. నీ బండే ఎక్కుతా. మావయ్యా, అడ్డం లే. కానీ ఒకటి. ఆయన కూడా ఎక్కాలి. ఆయన ఎక్కకపోతే నేనెక్కను. ఇక్కడే పోతా, ఆయన పొయ్యి దగ్గరే పోతా."

కందావో కళ్లు చిన్నవయ్యాయి. మొగుడు పక్కనే ఉంటే, ప్రాణం గాల్లో పోయినా ఆ చావు మొగుడిదే, పందులూ మొగుడి దొడ్డివే. ఆ సంగతి అక్కడున్న పిల్లవాడికి కూడా తెలుసు. చచ్చేటప్పుడు కూడా ఎంత తెలివి చూపించిందో!

"నేనెందుకు?" యకాసా ఒకడుగు వెనక్కి వేశాడు. "నేనెక్కితే బరువు. బరువైతే ఆగదు. కావాలంటే పైలట్‌నే అడగండి. చెప్పమ్మా, నిజమా కాదా?"

నిజమే. నూటికి నూరుపాళ్లు నిజం. అంత మనిషిని ఎక్కించుకుంటే లైమలో విమానం ఇంకా ముందుకు జారుతుంది. నదికి అంత దగ్గరవుతుంది. బుద్ధి ఉన్న పైలట్ ఎవరైనా ఆయన్ని దించేయాలి. బుద్ధి ఉన్న పైలట్ అసలు ఎగరకూడదు కూడా. వీళ్లందరి చావు బేరం వీళ్లకే వదిలేసి, చక్రాల కింద రాళ్లు అలాగే ఉంచి, మాల్కమ్ మెకానిక్ కోసం ఎదురుచూడాలి. అప్పుడు ఆమెని తప్పుపట్టేవాళ్లు ఎవరూ లేరు. పొద్దున్నే రోదాని పాతిపెట్టాక కూడా ఎవరూ తప్పుపట్టరు.

గేవా లేచి నిలబడింది.

"రెక్కలు బాగానే ఉన్నాయిగా కౌన్సిలర్ గారూ," అంది. "ముందు సీటు మీదే."

ఆ మాట అంటుంటే ఆమె గుండెల్లో చల్లగా ఉంది. అది మంచి చల్లదనం కాదని ఆమెకి తెలుసు. అయినా బాగుంది.

యకాసా చుట్టూ చూశాడు. ఇందాక తను నవ్వమంటే నవ్విన మొహాలే, ఇప్పుడు ఒక్కదాంట్లోనూ నవ్వు లేదు. ఆయన పెద్ద పెళ్లాం చిలగడదుంపల వల సంచి తలకి తగిలించుకుని ముందు వరుసలో నిలబడి ఉంది.

"ఎక్కవయ్యా," అంది. "చేపపిల్లే ఎక్కుతుంటే నీకేం?"

జనం గొల్లుమన్నారు. ఇక ఎక్కక చస్తాడా! టోపీ తీసి పెద్ద పెళ్లాం చేతికిచ్చి, ఒళ్లు కూరుకుంటూ ముందు సీట్లోకి దూరాడు. వెనక సీట్లు పీకేసి రోదాని నేల మీద పడుకోబెట్టారు. తల కింద ఎవరిదో దుప్పటి మడిచి పెట్టారు, పక్క కిటికీలోంచి బయటికి కనపడేటట్టు.

మగాళ్లందరూ కలిసి విమానాన్ని చేతుల మీద తిప్పి దిగువకి మొహం పెట్టారు. పందిని కట్టే లావు తాడు తెచ్చి, ఒక కొస తోక కింది కొక్కేనికి, ఇంకో కొస వెనకున్న సరుగుడు చెట్టు మొదలుకి కట్టారు. బ్రేకు చెయ్యాల్సిన పని ఇప్పుడా తాడు చెయ్యాలి. ఇంజన్ పూర్తి బలానికి వచ్చాక ఎవరో ఒకరు దాన్ని ఒక్క వేటుతో తెంపాలి.

"నేనే కోస్తా అక్కా." కెపాయ్ లేచి వచ్చాడు. మొహం తుడుచుకున్నాడు కానీ కళ్లు అలాగే ఉన్నాయి. "ఇంకెవరి చేతికీ ఇవ్వకు. నీకు దండం పెడతా."

గేవా తటపటాయించింది. చేతులు వణికేవాడికి ఇలాంటి పని ఇవ్వకూడదు. కానీ ఇప్పుడు వీడిచేత చెయ్యించకపోతే వీడు బతికున్నంతకాలం ఆ రాళ్ల కిందే నలిగిపోతాడు.

"కత్తి పట్టుకుని తాడు పక్కన నిలబడు. నా చెయ్యి కిటికీలోంచి బయటికొస్తుంది. పైకి లేస్తుంది. కిందికి పడగానే కొయ్యి. అర్థమైందా? ముందు కోస్తే?"

"లోయ."

"ఆలస్యంగా కోస్తే?"

"ఏం కాదు."

"అది గుర్తుపెట్టుకో. ఆలస్యమైనా ఏం కాదు. నా చెయ్యి చూడు, ఇంకెవర్నీ చూడకు."

కెపాయ్ తలూపాడు. వాడి దగ్గర కత్తి లేదు. కందావో తన నడుము నుంచి తీసి ఇచ్చాడు.

గేవా తన సీట్లో కూర్చుని బెల్టు బిగించుకుంది. ఇంజన్ దగ్గి, రాజుకుంది. విమానం ఒక్కసారి ముందుకు ఊగింది, తాడు దాన్ని వెనక్కి లాగి పట్టింది. ఆగింది. గట్టి తాడే. కిటికీలోంచి తల బయటపెట్టి వెనక్కి చూసింది. కందావో కెపాయ్ భుజం మీద చెయ్యి వేసి చెవిలో ఏదో చెప్తున్నాడు. కెపాయ్ అడ్డంగా తలూపుతున్నాడు. ముసలాయన ఓదారుస్తున్నాడు కాబోలు అనుకుంది. పాపం, ఇందాక ఆయన్ని మరీ చెడ్డవాడనుకున్నానేమో అని కూడా అనుకుంది. తల లోపలికి తీసుకుంది.

యకాసా ముందున్న అద్దంలోంచి కిందికి చూసి గుటకలు మింగుతున్నాడు. పట్టీ జారుతూ పోయి ఒక్కచోట తెగిపోయి, అవతల నీలంగా గాలి తప్ప ఏమీ లేదు.

"అమ్మాయ్," అన్నాడు, గొంతులో కౌన్సిలర్ లేడు. "నిన్న నేను... ఒక్కరోజేగా అనుకున్నా. మొదటి ఇద్దరు పెళ్లాలూ ఇంట్లోనే కన్నారు."

"ఆ మాట నాకు కాదు, వెనక్కి తిరిగి చెప్పండి."

ఆయన వెనక్కి తిరగలేదు.

గేవా ఇంజన్ బలం మెల్లగా పెంచింది. ఇంకా సగానికి రాలేదు. రెక్కల వెనక రేకులు దించాలి, నూనె వేడి చూడాలి, అప్పుడు పూర్తి బలం, అప్పుడు చెయ్యి. ఆమె కుడి చెయ్యి రేకుల మీట మీదికి పోయింది. ఎడమ చెయ్యి ఇంకా ఒళ్లోనే ఉంది.

తోక దగ్గర ఫట్‌మని శబ్దం వచ్చింది.

విమానం కదిలింది. ఏం జరిగిందో తలకెక్కకముందే గేవా కాళ్లు రెండు బ్రేకుల మీదికీ దూకాయి. ఎడమది నీళ్లలో పెట్టినట్టు మెత్తగా కిందికంటా పోయింది, కుడిది పట్టింది. ముక్కు కుడికి గుంజింది. కాళ్లు తీసేసింది. ఇక ఆపడం లేదు. ఇంజన్ మీట చివరిదాకా తోసింది. ఇంజన్ గొంతు చించుకుంది, కానీ నేల దానికంటే ముందు పరుగెత్తుతోంది.

కిటికీలోంచి ఒక్కసారి వెనక్కి చూసింది. కెపాయ్ సరుగుడు చెట్టు మొదట్లో నేల మీద బోర్లా పడి ఉన్నాడు. వాడి వీపు మీద కాలు మోపి, కత్తి పట్టుకుని నిలబడ్డాడు కందావో.

"ఆపు! ఆపు!" యకాసా కేక పెట్టి, ఎదురుగా కనబడిన దాన్ని రెండు చేతులా వాటేసుకున్నాడు. అది విమానాన్ని లేపే స్టీరింగు చక్రం, గేవా చేతిలోని దానికి జంట; ఒకటి కదిలితేనే రెండోదీ కదులుతుంది. గేవా ఇటు లాగింది, ఆయన భయంతో బిగుసుకుపోయి అటు నొక్కిపట్టాడు. చక్రం ఒక్క వేలు కూడా కదల్లేదు.

"వదులు! చేతులు తియ్! చచ్చిపోతాం వదలవయ్యా!"

వెనక నుంచి రోదా గొంతు వచ్చింది. ఏడవడం లేదు, అరవడం లేదు. పక్క కిటికీలోంచి ఆమె కూడా ఆ కత్తిని చూసింది.

"నన్ను భుజాల మీద మోసుకుని తిప్పేవాడక్కా మా మావయ్య," అంది. "ఈ కొండ మీద మా అన్న కాక, నేను బతుకుతాననుకున్నది నువ్వొక్కదానివే."

గేవా రెండు చేతులా చక్రాన్ని మళ్లీ గుంజింది. యకాసా వేళ్లు ఇంకా చక్రాన్ని వదల్లేదు, ముందు నేల అయిపోయింది.